వాదం, వితండం, వదంతి: స్వపక్షపు అసత్యం పట్ల నైతిక బాధ్యత – నడిగడ్డ, పాలమూరు ప్రాంతాల నిదర్శనాలు

ఉపోద్ఘాతం

రెండు పక్షాల మధ్య వైరం ముదిరినప్పుడు మొదట దెబ్బతినేది మాట. మాట తన అర్థాన్ని వదిలి ఆయుధమవుతుంది. ఎదుటివాడు చెప్పినదానికి జవాబు చెప్పడం మాని, ఎదుటివాడికి పేరు పెట్టడం మొదలవుతుంది. ‘ద్రోహి’, ‘బానిస’, ‘అమ్ముడుపోయినవాడు’, ‘దేశద్రోహి’, ‘భక్తుడు’, ‘పెయిడ్ బ్యాచ్’ వంటి మాటలు గత రెండు దశాబ్దాల తెలుగు రాజకీయ వ్యవహారంలో నిత్యవాడుకలోకి వచ్చాయి. ఒక్కొక్క పక్షానికి ఒక్కొక్క నిఘంటువు ఉన్నది. ఈ మాటలలో ఏదీ వాదం కాదు, వాదం అవసరం లేదని చేసే ప్రకటన మాత్రమే. పేరు పెట్టిన తరువాత ఆ మనిషి చెప్పేది వినవలసిన పని ఉండదు. వినని చోట అబద్ధం సులభంగా నిలబడుతుంది. కాబట్టి నింద, అసత్యప్రచారం, పక్షవిభజన అనేవి మూడు వేరు వేరు రోగాలు కావు, ఒకదాన్నొకటి పోషించుకునే ఒకే రోగపు మూడు లక్షణాలు.

ఈ స్థితిని గురించిన చర్చ సాధారణంగా ‘ఎదుటిపక్షం అబద్ధమాడితే ఏం చేయాలి’ అనే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. అంతకంటె కఠినమైన ప్రశ్న మరొకటి ఉన్నది. మన పక్షంవారే అబద్ధమాడినప్పుడు, మన పక్షంవారే నిందించినప్పుడు, మన బాధ్యత ఏమిటి? ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. ఇందుకు భారతీయ తర్కశాస్త్రంలోని వాదభేదాలను, బౌద్ధనీతిలోని వాగ్దోష విభజనను సాధనాలుగా స్వీకరిస్తుంది. నిదర్శనాలను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల నుంచి, వాటితో సంబంధమున్న సాహిత్య, సామాజిక చరిత్ర నుంచి తీసుకుంటుంది.

ఈ ప్రాంతాన్ని ఎన్నుకోవడానికి కారణాలున్నాయి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు పండిత సభలకు ఆశ్రయమిచ్చినవి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న ప్రసిద్ధి ఆ సభల వల్లనే వచ్చింది. వాదించడమెట్లాగో తెలిసిన నేల ఇది. ఇవాళ జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న ఏర్పడిన మూడు వేరు జిల్లాలు. అయినా మూడు జిల్లా కేంద్రాలూ నాగర్‌కర్నూల్ లోక్‌సభ నియోజకవర్గంలోనే ఉన్నాయి. పక్షాలు చీలే సమయంలో కూడా ఒకే ప్రతినిధిని ఎన్నుకోవలసిన సమాజం ఇది.

1. వాదం, జల్పం, వితండం

గౌతముని న్యాయదర్శనం పదహారు పదార్థాలను ఉద్దేశించి, వాటిలో వాదం, జల్పం, వితండం అనే మూడింటికి ప్రత్యేక స్థానం ఇచ్చింది. వాదంలో ఇరుపక్షాలు ప్రమాణంతో, తర్కంతో తమ మతాన్ని స్థాపించుకుంటాయి. ఫలం తత్త్వనిర్ణయం. జల్పంలో ఫలం విజయం. అందువల్ల ఛలం, జాతి, నిగ్రహస్థానం వంటి ఉపాయాలకు కూడా అందులో చోటున్నది. వితండంలో తన పక్షమంటూ స్థాపించేదేమీ ఉండదు, ఎదుటిపక్షాన్ని పడగొట్టడమొక్కటే పని. వ్యవహారంలో ‘వితండవాదం’ అనే మాటను మొండివాదమనే అర్థంలో వాడుతున్నాము గాని, శాస్త్రార్థం ఇంకా సూక్ష్మమైనది. తాను దేనికీ జవాబుదారీ కాకుండా ఇతరులందరినీ జవాబుదారులను చేసే మాట వితండం.

ఈ విభజనలో గమనింపదగిన విషయమొకటి ఉన్నది. నైయాయికులు జల్పవితండాలను పూర్తిగా నిషేధించలేదు. మొలకను పశువులు మేయకుండా ముళ్లకంప అడ్డం పెట్టినట్లు, తత్త్వనిశ్చయాన్ని కాపాడుకోవడానికి వాటిని వినియోగించవచ్చునని అనుమతించారు. రాజకీయాలలో పరుషవాక్కును సమర్థించేవారు నేటికీ చేసే వాదం ఇదే: ఎదుటివారు నియమం పాటించనప్పుడు మనం మాత్రం ఎందుకు పాటించాలి? ఈ సమర్థనకు బలమున్నది. అయితే ఆ ఉపమానంలోనే దాని పరిమితి కూడా ఉన్నది. కంప పెట్టేది మొలక కోసం. చేనంతా కంపే పరచి, విత్తనమే వేయనివాడు కంపను సమర్థించుకోలేడు. ఏ పక్షమైనా తన నిందావాక్యాల వెనుక ఏ మొలకను కాపాడుతున్నదో చూపగలగాలి. చూపలేకపోతే మిగిలేది వితండం మాత్రమే.

మరొక ముఖ్యమైన భావన ఆప్తవాక్యం. శబ్దం ప్రమాణం కావాలంటే చెప్పినవాడు ఆప్తుడు కావాలి. వాత్స్యాయన భాష్యం ప్రకారం విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్లే చెప్పాలనే కోరిక గలవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికి, ఆర్యునికి, మ్లేచ్ఛునికి సమానమే అని భాష్యకారుడు స్పష్టం చేశాడు. అంటే విశ్వసనీయత పుట్టుకలో లేదు, పక్షంలో లేదు. విషయజ్ఞానంలోను, నిజాయితీలోను ఉన్నది. ‘మనవాడు చెప్పాడు కాబట్టి నిజం, వాళ్లవాడు చెప్పాడు కాబట్టి అబద్ధం’ అనే నేటి అలవాటుకు ఇంతకంటె సూటియైన ఖండన అవసరం లేదు.

2. నాలుగు వాగ్దోషాలు

బౌద్ధనీతి సమ్యగ్వాక్కును నిర్వచిస్తూ నాలుగు దోషాలను విడదీసింది: అసత్యం, పైశున్యం, పారుష్యం, సంభిన్నప్రలాపం. అసత్యమంటే లేనిదాన్ని ఉన్నట్లు చెప్పడం. పైశున్యమంటే ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ చెప్పి ఇద్దరిని విడదీయడం. పారుష్యమంటే మనసును గాయపరిచే మాట. సంభిన్నప్రలాపమంటే ప్రయోజనం, ఆధారం చూసుకోకుండా మాట్లాడుతూ పోవడం.

ఈ విభజన వర్తమాన సమస్యకు ఆశ్చర్యకరంగా సరిపోతుంది. అసత్యప్రచారం మొదటిది, పక్షవిభజన రెండవది, పేర్లు పెట్టి దూషించడం మూడవది. చేతికందిన సందేశాన్ని చదవకుండానే పదిమందికి పంపడం నాలుగవది. ఆధునిక చట్టం మొదటిదాన్ని, మూడవదాన్ని కొంతవరకు శిక్షించగలదు. రెండవదాన్ని పట్టుకోవడం కష్టం. ఎందుకంటే పైశున్యంలో చెప్పిన మాట నిజమే కావచ్చు. నిజమైన ఒక సంఘటననే ఎన్నుకొని, దానినే పదేపదే చూపించి, ఒక సమూహమంతా అటువంటిదేనని నమ్మించవచ్చు. నాలుగవది తప్పుగా కూడా ఎవరికీ కనిపించదు. ‘నేను రాయలేదు, వచ్చినదాన్ని పంపాను’ అనేది దాని నిత్య సమాధానం. వదంతి బలమంతా ఈ నాలుగవ దోషంలోనే ఉన్నది. కల్పించేవాడు ఒకడు, మోసేవారు వేలమంది.

మీమాంసకుల స్వతఃప్రామాణ్యవాదం ఇక్కడ ఒక చిక్కును విప్పుతుంది. జ్ఞానం స్వతహాగానే ప్రమాణం, దాన్ని కాదనే బాధకజ్ఞానం కలిగేంతవరకు దాన్ని నమ్మడం దోషం కాదని వారి మతం. లోకవ్యవహారం నడవాలంటే ఇది అవసరమే. ప్రతి మాటనూ అనుమానిస్తే బతుకు సాగదు. కాని ఈ సిద్ధాంతం పనిచేయడానికి ఒక షరతు ఉన్నది. బాధకమంటూ ఉంటే అది విన్నవాడిని చేరుకోగలగాలి. తన పక్షం మాటలు తప్ప వేరే మాట చెవిన పడని ఏర్పాటులో ఉన్నవాడికి బాధకం ఎన్నటికీ చేరదు. అతడి నమ్మకం అమాయకమే కావచ్చు, అది నమ్మదగిన జ్ఞానం మాత్రం కాదు. కనుక అబద్ధాన్ని ఖండించడం ఎంత అవసరమో, ఆ ఖండనను అబద్ధం చేరిన చోటికి చేర్చడం కూడా అంతే అవసరం.

3. నిందకు సంచికతో సమాధానం

నిజాం రాజ్యంలో తెలుగు భాష ఎదుర్కొన్న చిన్నచూపు చరిత్రకెక్కినది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణంలో కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను కొందరు సభికులు గేలిచేశారు. దాని ఫలితంగానే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అవమానానికి జవాబుగా వచ్చినది ప్రతి అవమానం కాదు, ఒక సంస్థ. ఆ ఉద్యమమే గ్రంథాలయాలుగా, పరిశోధనగా, 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభగా విస్తరించింది. ఆ సభకు అధ్యక్షత వహించినవాడు సురవరం ప్రతాపరెడ్డి.

సురవరంవారు 1896లో నడిగడ్డలో జన్మించారు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేలను స్థానికులు పిలుచుకునే పేరది. 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించారు. 1952 ఎన్నికలలో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయన జీవితంలో ప్రస్తుత చర్చకు కీలకమైన ఘట్టం మాత్రం 1934 నాటిది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరనే అర్థం వచ్చే వ్యాఖ్య ఒకటి ఆ కాలంలో వెలువడింది. తెలంగాణ పండితలోకం నొచ్చుకున్నది. సురవరంవారు వ్యాఖ్యాతను ప్రతినిందతో ఎదుర్కొనవచ్చు, అందుకు చేతిలో పత్రిక ఉన్నది. కాని ఆయన ఎన్నుకున్న మార్గం వేరు. ఊరూరా ఉన్న కవుల నుంచి పద్యాలను, వివరాలను సేకరించి 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించారు.

ఈ సంఘటనను సాధారణంగా ఆత్మగౌరవ కథగా చెప్పుకుంటారు. నైతిక దృష్టితో చూస్తే ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది, సంచిక జల్పం కాదు, వాదం. వ్యాఖ్య ఒక వస్తుస్థితిని గురించినది: కవులున్నారా, లేరా? దానికి జవాబు కూడా వస్తుస్థితిలోనే లభించింది. వ్యాఖ్యాత ఎవరు, ఎక్కడివాడు, ఏ ఉద్దేశంతో అన్నాడు అనే విచారణను సంచిక అనవసరం చేసింది. అతడు రేపు మనసు మార్చుకుంటే సిగ్గుపడవలసిన అవసరం లేకుండా మార్చుకోవచ్చు. నిందకు నింద జవాబైనప్పుడు ఈ తోవ మూసుకుపోతుంది. అప్పుడు అభిప్రాయం మార్చుకోవడమంటే ఓడిపోవడమే.

రెండవ పాఠం అంత ఊరటనిచ్చేది కాదు. నిందకు పట్టినది ఒక వాక్యం. దాన్ని తప్పని నిరూపించడానికి పట్టినది 354 మంది కవుల సంకలనం. అసత్యానికీ నిజానికీ మధ్య ఎప్పుడూ ఉండే అసమత ఇది. ‘లేరు’ అన్నవాడికి ఖర్చు లేదు, ‘ఉన్నారు’ అనవలసినవారు చేతిలోని పనులు మాని ఋజువులు మోయాలి. పైగా ఆ భారం నిందకు గురైనవారి మీదనే పడింది. తమ ఉనికిని తామే నిరూపించుకోవలసి రావడం ఒక రెండవ అవమానం. సంచిక గొప్పతనాన్ని కీర్తిస్తూ ఈ అన్యాయాన్ని మరవకూడదు. సురవరంవారు చేసినది ఆదర్శప్రాయమే. అది చేయవలసిన అగత్యం మాత్రం న్యాయమైనది కాదు. ఋజువు చూపవలసిన బాధ్యత మొదట అన్నవాడిది, ఆ తరువాత ఆ మాటను విని తలూపినవారిది.

ఇక్కడే ఈ వ్యాసపు ప్రధాన ప్రతిపాదన రూపుకడుతుంది. ఒక పక్షం నుంచి అసత్యమో నిందో వెలువడినప్పుడు దాన్ని సవరించే బాధ్యత మొదట ఆ పక్షంవారిదే. దీనికి కారణాలు రెండు. వారికి ఆ పని తక్కువ ఖర్చుతో అవుతుంది, ఎందుకంటే వారి మాటను వారి పక్షం వింటుంది. రెండవది, ఆ అసత్యం వల్ల లాభపడేది వారు. లాభంలో వాటా ఉన్నవాడికి బాధ్యతలోనూ వాటా ఉంటుంది.

4. వదంతికి డప్పుతో సమాధానం

2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి దేశంలోని అనేక రాష్ట్రాలలో వ్యాపించింది. దానికి వాట్సాప్ వాహనమైంది. పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం తీసిన ఒక చిత్రంలోని చివరిభాగాన్ని తొలగించి, నిజమైన అపహరణ దృశ్యంగా ఆ కాలంలో ప్రచారం చేశారు. మేలు కోసం చేసినదాన్నే కత్తిరించి భయానికి వాడుకున్నారన్నమాట. 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో సంచారజాతికి చెందిన ఐదుగురిని జనం కొట్టి చంపారు. తెలంగాణలోనూ ఆ వేసవిలో ఇటువంటి దాడులలో ప్రాణాలు పోయాయి. 2018 జూలై 17న తెహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు మూకహత్యల నివారణకు ప్రభుత్వాలకు ఆదేశాలిచ్చింది. ఆ నెలలోనే వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు సంభాషణలకు మించి పంపకుండా పరిమితి విధించింది.

గద్వాల, వనపర్తి గ్రామాలకూ ఆ వదంతి వచ్చింది. వేసవి రాత్రులలో ఆరుబయట పడుకునే జనం తలుపులు వేసుకొని లోపల పడుకోవడాన్ని గ్రామాలకు నియమించిన పోలీసులు గమనించారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి నాయకత్వంలో పోలీసులు 400కు పైగా గ్రామాలను ఉద్దేశించి ప్రచారం సాగించారు. జానపద కళాకారుల పాటలు, డప్పు చాటింపు, ఇంటింటి సంభాషణ అందులో భాగాలు. గ్రామాల వాట్సాప్ గ్రూపులలో పోలీసులు తామే చేరి, వచ్చిన సందేశం అబద్ధమని అక్కడే చెప్పే ఏర్పాటు చేశారు. ఆ రెండు జిల్లాలలో వదంతి కారణంగా ప్రాణనష్టం జరగలేదు.

ఈ విజయాన్ని పోలీసు దక్షతగా మాత్రమే చూస్తే అందులోని నైతిక నిర్మాణం కనిపించదు. పత్రికా ప్రకటనలు, హెచ్చరికలు ఇతర చోట్ల కూడా ఉన్నాయి. ఇక్కడ బాధకజ్ఞానం వదంతి నడిచిన దారిలోనే నడిచింది. చెప్పినది ఊరికి తెలిసిన మనిషి. విన్నది తెలిసిన భాషలో, తెలిసిన వాద్యంతో. ఆప్తుని లక్షణంలో విషయజ్ఞానం, నిజాయితీ రెండూ ఉన్నా, విన్నవాడు అతడిని ఆప్తుడిగా గుర్తించకపోతే వాక్యం వ్యర్థం. ఆ గుర్తింపు స్వపక్షంవాడికి సులభంగా లభిస్తుంది. భయపడిన ఊరిని ‘మూఢులు’ అని వెక్కిరించి ఉంటే ఆ ఊరు తలుపులు ఇంకా గట్టిగా బిగించుకొని ఉండేది. ఆ భయానికి మూలం పిల్లల మీది ప్రేమ అని గుర్తించినందువల్లనే నిజం లోపలికి వెళ్లగలిగింది.

ఈ వదంతులలో వినిపించిన ‘పార్థీ ముఠా’ అనే మాటను విడిగా పరిశీలించాలి. పార్థీలు ఒక సంచార సముదాయం. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని సముదాయాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసింది. పార్థీలు ఆ ముద్ర పడినవారిలో ఉన్నారు. స్వాతంత్ర్యానంతరం 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది గాని పేరు పోలేదు. ఒక ప్రభుత్వం పెట్టిన నిందానామం అరువది ఆరేళ్ల తరువాత ఒక ఫోను సందేశంలో ప్రాణాంతకంగా తిరిగి లేచింది. పేర్లు పెట్టి దూషించడం కేవలం మర్యాదకు సంబంధించిన విషయమని, మాటలతో ఎముకలు విరగవని భావించేవారికి ఇది సమాధానం. నిందానామం ఒక నిలవ ఉంచిన అబద్ధం. సమయం వచ్చినప్పుడు దాన్ని ఎవరైనా తీసి వాడుకోవచ్చు.

పాలమూరు విషయంలో ఈ దోషానికి మరొక కోణం ఉన్నది. తరతరాలుగా ఇక్కడి జనం గుంపుమేస్త్రీల వెంట వలసపోయి దేశమంతటా ఆనకట్టలు, కాలువలు, భవనాలు కట్టారు. ‘పాలమూరు లేబర్’ అన్న మాట అట్లా పుట్టినదే. అంటే ఈ జిల్లాల ప్రతి ఊరిలోనూ, ఇంకెక్కడో ఒక ఊరిలో అపరిచితులుగా బతికినవారు ఉన్నారు. భాష తెలియని మనిషి, చేతిలో సంచితో, తెలియని వీధిలో నిలబడటం ఎట్లా ఉంటుందో ఈ నేలకు అనుభవంతో తెలుసు. కొత్త మనిషిని చూసి ‘దొంగ’ అని అరవడం ఇక్కడివారికి తమ బంధువులపైనే తాము వేసుకునే నింద అవుతుంది. తనకు ఏది ప్రతికూలమో దాన్ని ఇతరులకు చేయరాదన్న ధర్మసూక్ష్మం ఇక్కడ ఉపదేశం కాదు, కుటుంబ చరిత్ర.

5. నీటి లెక్కలు, పక్షాల లెక్కలు

సంచికలో, వదంతిలో నిజానిజాలు సులభంగా తేలగలవు. ప్రయోజనాలు నిజంగానే ఢీకొనే చోట పరీక్ష కఠినమవుతుంది. తుంగభద్రపై రాజోలిబండ మళ్లింపు పథకం అటువంటిది. ఆనకట్ట కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఉన్నది. ఆయకట్టులో పెద్దభాగం అలంపురం ప్రాంతంలో ఉన్నది. నదికి అవతలి ఒడ్డు కర్నూలు. బచావత్ ట్రిబ్యునల్ కేటాయింపులో తెలంగాణ ప్రాంతానికి 15.9 టీఎంసీలు, 87,500 ఎకరాల ఆయకట్టు లెక్కకు వచ్చాయి. కాలువ చివరి పొలాలకు నీరు సరిగా అందకపోవడం దశాబ్దాల ఫిర్యాదు. ఆ కొరతను తీర్చడానికే తరువాత తుమ్మిళ్ల ఎత్తిపోతల పథకం వచ్చింది.

ఇటువంటి వివాదంలో రెండు రకాల వాక్యాలు కలిసిపోతాయి. ‘ఎన్ని టీఎంసీలు వచ్చాయి’ అనేది వస్తుస్థితి. ‘ఎన్ని రావాలి’ అనేది న్యాయానికి సంబంధించిన తీర్పు. రెండవదానిపై ఇరుగట్ల రైతులు నిజాయితీగా విభేదించవచ్చు. మొదటిదానిపై విభేదించడానికి హక్కు లేదు, కొలిచి చూడవలసిందే. వస్తుస్థితిని అభిప్రాయంగా మార్చివేయడమే రాజకీయ అసత్యపు ముఖ్య లక్షణమని హన్నా ఆరెంట్ 1967లో ప్రచురించిన ‘సత్యం, రాజకీయం’ వ్యాసంలో విశ్లేషించారు. నీటి వివాదాలలో ఇది నిత్యం కనిపిస్తుంది. కొలత పక్షానికొకటి అవుతుంది. అడిగినవాడు ‘ద్రోహి’ అవుతాడు. స్వపక్ష బాధ్యత ఇక్కడ ఎవరికి వర్తిస్తుంది? లెక్క తెలిసిన ఇంజనీరుకు, పత్రికా రచయితకు, అధ్యాపకునికి వర్తిస్తుంది. తన పక్షానికి రావలసిన నీటికోసం గట్టిగా పోరాడుతూనే, తన పక్షం చెప్పే లెక్కలో తప్పుంటే ముందుగా తానే దిద్దాలి. అట్లా దిద్దినవాడి మిగతా లెక్కను మాత్రమే ఎదుటిపక్షం నమ్ముతుంది. కాలువ చివరన ఉన్న రైతుకు మేలు చేసేది ఆ నమ్మకమే, నినాదం కాదు.

6. ఆక్షేపణలు, సమాధానాలు

ఈ ప్రతిపాదనపై మూడు ఆక్షేపణలు రావచ్చు.

మొదటిది: మృదువాక్కు బలవంతునికి అనుకూలం. అణగారినవాడికి కోపమే ఆయుధం. అతడిని మర్యాదగా మాట్లాడమనడం నోరు మూయించడమే. ఈ ఆక్షేపణలో సత్యముంది. 1859లో మిల్ తన ‘ఆన్ లిబర్టీ’లో దీన్ని గుర్తించాడు. దూషణ వల్ల ఎక్కువ హాని చేసేది అధికారంలో ఉన్న అభిప్రాయమే గనుక, ముందుగా అదుపు చేయవలసినది దానినే అని అతడి అభిప్రాయం. కాబట్టి స్వపక్ష బాధ్యత ఇరుపక్షాలకూ ఒకే బరువుతో ఉండదు. బలం ఎక్కువ ఉన్న పక్షానికి బాధ్యత ఎక్కువ. అయితే కోపానికీ నిందకూ భేదమున్నది. ‘ఈ పని దుర్మార్గం’ అనడం కోపం. ‘ఈ జాతి దుర్మార్గం’ అనడం నింద. మొదటిది క్రియను పట్టుకుంటుంది, దానికి ఋజువు అడగవచ్చు. రెండవది ఋజువుకు అందదు. అణగారినవాడికి మొదటిది పూర్తిగా హక్కు. రెండవది అతడి చేతిలో కూడా ఆయుధంగా పనిచేయదు, ఎందుకంటే చరిత్రలో అది ఎక్కువగా అతడిపైనే ప్రయోగింపబడింది. పార్థీల కథ అదే చెబుతున్నది.

రెండవది: స్వపక్షాన్ని బహిరంగంగా దిద్దితే ఎదుటిపక్షానికి బలం చేకూరుతుంది. ఇది వ్యూహానికి సంబంధించిన ఆక్షేపణ, నీతికి కాదు. వ్యూహంగా కూడా అది స్వల్పకాలానికే చెల్లుతుంది. తన తప్పులను తానే దిద్దుకునే పక్షం మాటకు విలువ పెరుగుతుంది. దిద్దుకోని పక్షం నిజం చెప్పిన రోజున కూడా ఎవరూ నమ్మరు. ‘నాన్నా పులి’ కథ పిల్లలకోసం చెప్పినదే అయినా పెద్దల పక్షాలకు బాగా వర్తిస్తుంది.

మూడవది అన్నింటికంటె బరువైనది: స్వపక్షాన్ని దిద్దినవాడు ఒంటరి అవుతాడు. ఊరిలో, బంధువులలో, పనిచేసే చోట అతడికి చోటు పోతుంది. సాధారణ మనిషి నుంచి ఇంత త్యాగాన్ని ఆశించవచ్చునా? ఆశించరాదనే చెప్పాలి. ధర్మం అసాధ్యాన్ని విధించదు. కాని బాధ్యతకు మెట్లున్నాయి. తెలియని సందేశాన్ని మోయకపోవడం మొదటి మెట్టు, దానికి ఏ త్యాగమూ అవసరం లేదు. ఎదుటివాడికి పెట్టిన పేరును తాను పలకకపోవడం రెండవ మెట్టు. ‘దీనికి ఆధారం ఏమిటి’ అని ఇంట్లోవారిని మెల్లగా అడగడం మూడవది. బహిరంగంగా దిద్దడం చివరిది. అది ధైర్యమున్నవారిపైన, వృత్తిరీత్యా నిజంతో పనిగలవారిపైన, చదువుకొని సురక్షితంగా ఉన్నవారిపైన ఎక్కువగా ఉంటుంది. గద్వాల గ్రామాలలో ఆ చివరి మెట్టును ఒంటరి వ్యక్తికి వదలకుండా ఒక వ్యవస్థ తన భుజాన వేసుకున్నది. సత్యం చెప్పేవాడికి తోడు కల్పించడం కూడా సత్యధర్మంలో భాగమే.

ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు వస్తాయి. నింద, అసత్యం, పక్షవిభజన పరస్పరం పోషించుకుంటాయి. వాటికి వాహనం ఆధారం చూడకుండా మాటను మోయడం. విశ్వసనీయత పక్షంలో లేదు, విషయజ్ఞానంలోను నిజాయితీలోను ఉన్నది. అసత్యాన్ని సవరించే భారం ఎక్కువసార్లు దానికి బలైనవారిపై పడుతున్నది, న్యాయంగా పడవలసినది దాన్ని విని లాభపడినవారిపైన. ఖండన అబద్ధం వెళ్లిన దారిలోనే వెళ్లాలి, విన్నవాడు తనవాడుగా భావించే నోటి నుంచి వినిపించాలి. క్రియను ఖండించే హక్కు అందరికీ ఉన్నది, సమూహానికి పేరు పెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఈ నిర్ధారణలు ఒక ప్రాంతపు నిదర్శనాల మీద ఆధారపడినవి. వాటిని ఇతర ప్రాంతాల నీటి, భాషా, మత వివాదాలకు అన్వయించి పరీక్షించవలసి ఉన్నది. అయితే ఒక విషయం మాత్రం ఇక్కడనే స్పష్టమవుతుంది. 1934లో ‘లేరు’ అన్న మాటకు ఎవరూ అడగకముందే వినవలసిన ప్రశ్న ఒకటి ఉండినది: ‘వెదికి చూశారా?’ ఆ ప్రశ్నను వ్యాఖ్యాత పక్కన కూర్చున్నవాడు అడిగి ఉంటే సరిపోయేది. 2018లో ఫోను చేతిలో పట్టుకున్న ప్రతి మనిషి ముందూ అదే ప్రశ్న నిలిచింది. ఎన్నికల సభలో తనవారి చప్పట్ల మధ్య కూర్చున్న ప్రతి శ్రోత ముందూ అదే నిలుస్తుంది.